బక్షీసు కూలిలో జమ కాదు

తెలుగు భాషలో కలిసిపోయి ఇంటి మాటలైన అరబీ, ఫారసీ పదాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఇనాము, మామూలు, బక్షీసు అనే మూడింటి చరిత్ర ప్రత్యేకంగా పరిశీలింపదగ్గది. ఇనాము అరబీలోని 'ఇన్‌ఆమ్' నుండి వచ్చింది. అనుగ్రహించి ఇచ్చినది అని దాని అర్థం. మామూలు అంటే అరబీలో ఆచరణలో ఉన్నది, అలవాటైనది. బక్షీసుకు మూలం ఫారసీ 'బఖ్షీదన్'. దానికి ఇవ్వడం, క్షమించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగునాట ఈ మూడు మాటలకూ పట్టిన గతులు వేరు వేరు. ఇనాము భూమికి అంటుకొని, 1955, 1956 సంవత్సరాల రద్దు చట్టాల దాకా నిలిచింది. మామూలు లంచానికి మారుపేరైంది. బక్షీసు మాత్రం హోటలు బల్లమీద, సోంపు గింజల పక్కన, చిల్లర రూపంలో మిగిలింది. ఇటీవల దానిని అందరూ టిప్పు అంటున్నారు.

ఆ చిల్లర కూలియా, కానుకా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని పళ్లాలు మోసి, బల్లలు తుడిచి బ్రతికే లక్షలాది మంది జీవనం దాని జవాబు మీద ఆధారపడి ఉంది. వడ్డించే మనిషి స్థానంలోకి యంత్రం వస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. ఇస్లామీయ న్యాయశాస్త్రం దీనికి ఏనాడో జవాబు చెప్పింది. ఆ జవాబును పట్టించుకోని చోట ఏమి జరిగిందో కూడా చరిత్రలో నమోదై ఉంది.

ఒక దండయాత్ర నుండి మదీనాకు తిరిగి వస్తూండగా హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఎక్కిన ఒంటె అలసి వెనుకబడింది. దైవప్రవక్త (స) దానిని తాను కొంటానని చెప్పి, ఒక ఊఖియాకు బేరం ఖాయం చేశారు. మదీనా చేరిన తర్వాత వెల తూచి ఇవ్వవలసిందిగా హజ్రత్ బిలాల్ (రజి)ని ఆదేశించారు. బిలాల్ (రజి) తూచారు. త్రాసు జాబిర్ వైపు మొగ్గేటట్లు కొంచెం ఎక్కువ వేశారు. చివరకు ఒంటెను సైతం దైవప్రవక్త (స) జాబిర్‌కే తిరిగి ఇచ్చివేశారు. ఆ ఎక్కువ భాగం సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ప్రకారం ఒక ఖీరాతు. జాబిర్ (రజి) దానిని ఖర్చు చేయక తన సంచిలో భద్రంగా దాచుకొన్నారు. హి.శ. 63లో, అనగా క్రీ.శ. 683లో, హర్రా యుద్ధం నాడు సిరియా సైనికులు మదీనాను దోచుకొన్నప్పుడు అది వారి చేతికి పోయింది. ఒక చిన్న ఖీరాతు దశాబ్దాల తరబడి ఒక మనిషి సంచిలో ఉండిపోయిందంటే దాని విలువ బంగారంలో లేదు.

సువైద్ బిన్ ఖైస్ (రజి) ఉల్లేఖించిన మరొక హదీసులో, బజారులో కూలికి తూకం వేసే వ్యక్తితో దైవప్రవక్త (స) తూచమనీ, తూచి మొగ్గు చూపమనీ చెప్పారు. సంతలో తెలుగువారు దీనినే కొసరు అంటారు. కొసరుకు ఒక నియమం ఉంది. ముందు అసలు తూకం పూర్తి కావాలి. మణుగు బియ్యానికి నాలుగు శేర్లు తక్కువ తూచి, పైన గుప్పెడు వేసి ఇది నీకు కొసరు అనే వర్తకుణ్ణి ఏ సంతలోనూ ఉదారుడని పొగడరు.

సేవకుల విషయంలోనూ ఇదే క్రమం కనబడుతుంది. అబూ తైబా అనే బానిస దైవప్రవక్త (స)కు కొమ్ముతో రక్తం తీసే చికిత్స చేసినప్పుడు ఆయన అతనికి ఖర్జూరాలు కొలిచి ఇప్పించారు. అంతటితో ఆగక, అతని సంపాదన నుండి ప్రతిరోజూ వసూలు చేసుకొనే మొత్తాన్ని తగ్గించవలసిందిగా అతని యజమానులతో మాట్లాడారు. చేతిలో పెట్టింది ఒకటి, పని షరతులు మార్చింది మరొకటి. రెండవది లేకుండా మొదటిది మాత్రమే ఉంటే అబూ తైబా మరునాడు మళ్లీ అదే బరువు మోయవలసి వచ్చేది.

వడ్డన గురించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. సేవకుడు భోజనం వండి తెచ్చినప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని తినిపించాలి. వీలుపడకపోతే ఒకటి రెండు ముద్దలైనా అతని చేతిలో పెట్టాలి. పొయ్యి వేడినీ, పొగనూ భరించింది అతడే కదా అన్నది అందులో చూపిన కారణం. ముస్లింలోని ఉల్లేఖనంలో ఒక షరతు ఉంది. ముద్దల మాట వచ్చింది భోజనం మిగిలినప్పుడు కాదు, తక్కువైనప్పుడు. తక్కువైనా అతని వాటా అతనికి ఉండాలి. దీనిని పారితోషికం అనడం పొరపాటు. ఇది వండినవాడికి వంటలో ఉన్న హక్కు.

కానుకలన్నీ మంచివి కావన్నది మరొక ముఖం. బనూ సులైమ్ తెగ నుండి జకాతు వసూలుకు పంపబడిన ఇబ్నుల్లుత్‌బియ్యా తిరిగి వచ్చి కొంత సొమ్మును ప్రభుత్వానిదిగా, కొంత తనకు వచ్చిన కానుకగా వేరు చేశాడు. దైవప్రవక్త (స) దీనిపై మింబరెక్కి ప్రసంగించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుకలు అతనికి వచ్చేవేనా అని నిలదీశారు. మామూలు అనే మాటకు తెలుగులో పట్టిన అర్థం శతాబ్దాల ముందే ఇక్కడ విచారణకు వచ్చిందన్నమాట.

ఈ విధంగా ఫుఖహాల ముందు మూడు వేర్వేరు పద్దులున్నాయి: ఒప్పుకొన్న పనికి ఇచ్చే ఉజ్రత్, ఇష్టంతో ఇచ్చే హిబా, అధికారాన్ని కొనే రిష్వత్. వీటిని కలపకుండా ఉంచడానికి వారు పడిన శ్రమ ఇంతా అంతా కాదు. దక్కను మద్రసాలలో తరతరాలుగా బోధిస్తున్న 'హిదాయా' గ్రంథకర్త బుర్హానుద్దీన్ మర్‌గీనానీ (మరణం క్రీ.శ. 1197) కూలి ఒప్పందం చెల్లాలంటే పనీ, కూలీ రెండూ ముందే తెలిసి ఉండాలని రాశారు. హనఫీ గ్రంథాలలో తిరగలివాడి కుంచం అనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. గోధుమలు విసరినవాడికి ఆ పిండిలోనే ఒక కుంచం కూలిగా ఇస్తామనడం చెల్లదు. ఒప్పందం నాటికి ఆ పిండి యజమాని చేతిలో లేదు. తన దగ్గర లేనిదానిని అతడు కూలిగా రాసి ఇస్తున్నాడు. హంబలీలు దీనిని అనుమతించారు కనుక ఇది ఏకాభిప్రాయం కాదు. అయినా హనఫీల తర్కాన్ని హోటలుకు అన్వయించి చూడండి. యజమాని తన జేబులో లేని కూలిని, రేపు ఎవరో వచ్చి తిని బల్లమీద వదలబోయే చిల్లర నుండి వాగ్దానం చేస్తున్నాడు. తిరగలివాడికి కనీసం గోధుమలు కళ్లముందు ఉన్నాయి.

ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జెవ్‌దత్ పాషా ఆధ్వర్యాన 1869 నుండి 1876 వరకు తయారైన న్యాయస్మృతి 'మజల్లా'. హనఫీ ఫిఖహును 1851 అధికరణాలుగా కూర్చిన గ్రంథమిది. అందులో 567వ అధికరణం ఒకే ఒక వాక్యం. సేవకులకు బయటివారు ఇచ్చే బక్షీసును వారి కూలిలో లెక్క కట్టరాదన్నది దాని భావం. ఏ వ్యాఖ్యానమూ లేదు. యజమాని ఇవ్వవలసినది యజమానే ఇవ్వాలి. అతిథి ఇచ్చినది సేవకునిది.

అంత చిన్న విషయం స్మృతిలోకి ఎందుకెక్కింది? చరిత్రకారుడు పెచెవీ ప్రకారం అలెప్పో నుండి హకమ్, డమాస్కస్ నుండి షమ్స్ అనే ఇద్దరు హి.శ. 962లో, అనగా క్రీ.శ. 1554-55లో, ఇస్తాంబుల్‌లో కాఫీ దుకాణాలు తెరిచారు. మజల్లా నాటికి ఆ నగరపు కాఫీఖానాలకు మూడు వందల ఏళ్లు నిండాయి. బక్షీసు అక్కడ నరనరానా పాకింది. 1869లో వెలువడిన మార్క్ ట్వేన్ యాత్రా గ్రంథంలో తూర్పు దేశాలలో ఎక్కడికి పోయినా ఈ మాటే చెవిలో పడిందన్న ఫిర్యాదు ఉంది. నిజానికి రోగం పైనుండే మొదలైంది. కొత్త సుల్తాను గద్దెనెక్కినప్పుడు సైనికులకు పంచే జులూస్ బక్షీసు క్రమంగా కానుక లక్షణం పోగొట్టుకొని బాకీగా మారింది. ఇవ్వకపోతే జానిసరీలు తిరగబడేవారు. 1774లో మొదటి అబ్దుల్ హమీద్ గద్దెనెక్కే నాటికి ఖజానా ఖాళీ అయి, ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. కానుకను జీతంగా లెక్కించుకొంటే ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ ఎక్కడికి దారితీస్తుందో ఇస్తాంబుల్ న్యాయవేత్తలు కళ్లారా చూసినవారే.

బక్షీసు అవసరమే లేని వడ్డన కూడా ఆ సామ్రాజ్యంలోనే ఉండేది. సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రమ్ సుల్తాన్ 1550లలో జెరూసలేంలో ఒక ఇమారత్, అనగా ధర్మ వంటశాల, నెలకొల్పారు. దాని వక్ఫ్ పత్రం చదివితే హోటలు యజమానులు సిగ్గుపడవలసి వస్తుంది. రోజుకు రెండు పూటలు భోజనం. పొద్దున బియ్యపు గంజి, సాయంత్రం గోధుమ గంజి, వాటితో రొట్టె. శుక్రవారం రాత్రులలో, రమజాన్‌లో మాంసపు పులావు, కుంకుమపువ్వు వేసిన తీపి అన్నం. అక్కడ నివసించేవారు, పనివారు కాక మరో 400 మంది పేదలకు ఏర్పాటు. వండేవారికి, వడ్డించేవారికి, గిన్నెలు కడిగేవారికి దినవేతనం అక్చేలలో పత్రంలోనే రాసి ఉంది. గంజి తాగి వెళ్లేవాడి చేతిలో చిల్లర లేదు, వడ్డించేవాడి చూపు అతని చేతి మీద లేదు. కూలి ముందే తెలిసి ఉండాలన్న ఫిఖహు నియమం ఇక్కడ పొయ్యి దగ్గర అమలైంది.

దీనికి పూర్తిగా ఎదురైన మార్గం అమెరికాలో పడింది. 1865లో అంతర్యుద్ధం ముగిసి నల్లజాతి బానిసలు విముక్తులయ్యారు. 1867లో ఏర్పడిన పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ అట్టివారిని పోర్టర్లుగా పెద్ద సంఖ్యలో నియమించింది. జీతం నామమాత్రం. మిగిలినది ప్రయాణికుల దయ. యజమాని జార్జ్ పుల్‌మన్ పేరుతో ప్రతి పోర్టరునూ 'జార్జ్' అని పిలిచేవారు. బానిసను యజమాని పేరుతో పిలిచిన పాత అలవాటే అది. టిప్పు ప్రజాస్వామ్యానికి తగదని ఆనాటి అమెరికన్లలోనే చాలామంది నమ్మారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధిస్తూ చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1926 నాటికి అవన్నీ రద్దయ్యాయి. ఆ చట్టాలు ఇచ్చే చేతిని పట్టుకొన్నాయే గాని జీతం ఎగ్గొట్టే చేతిని పట్టుకోలేదు.

జీతం ఎగ్గొట్టే చేతిని పట్టుకొన్నది పోర్టర్లే. 1925 ఆగస్టులో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన వారి సంఘం ఏర్పడింది. పన్నెండేళ్ల పోరాటం తర్వాత 1937లో కంపెనీ ఒప్పందంపై సంతకం చేసింది. నెలకు 400 గంటలుండే పని 240 గంటలకు దిగింది, జీతం పెరిగింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకు ఈశాన్య అమెరికా రైళ్లలో శాండ్‌విచ్‌లు అమ్మిన ఒక కుర్రవాడు మాల్కం ఎక్స్ పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. అంతకు ముందు అతడు బోస్టన్‌లోని ఒక నృత్యశాలలో బూట్లు తుడిచాడు. గుడ్డ విదిలించినప్పుడు టపాకాయలాగా చప్పుడైతే తెల్లవాడు ఎక్కువ టిప్పు ఇస్తాడని అక్కడ నేర్చుకొన్నానని ఆయన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. గుడ్డ చప్పుడుతో బూటు మెరుపు పెరగదు. టిప్పు కొన్నది పనిని కాదు, వినయ ప్రదర్శనను.

1966లో అమెరికా కార్మిక చట్టానికి జరిగిన సవరణ ఈ వ్యవస్థకు చట్టపు ముద్ర వేసింది. సేవకుడికి వచ్చిన టిప్పులో కొంత భాగాన్ని యజమాని తాను చెల్లించవలసిన కనీస వేతనంలో జమ వేసుకోవచ్చునన్నది. మజల్లా 567వ అధికరణాన్ని తలక్రిందులు చేసి రాస్తే సరిగ్గా ఇదే వస్తుంది. టిప్పు పొందే కార్మికునికి యజమాని నేరుగా ఇవ్వవలసిన కేంద్ర కనీస వేతనం 1991లో గంటకు 2 డాలర్ల 13 సెంట్లుగా నిర్ణయమైంది. మిగతావారి కనీస వేతనం 2009లో 7 డాలర్ల 25 సెంట్లకు చేరినా, ఆ 2 డాలర్ల 13 సెంట్లు కదలలేదు. టిప్పులు చాలకపోతే లోటును యజమాని పూరించాలని చట్టంలో ఉంది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఈ జమను అసలే ఒప్పుకోవు. ఆ మేరకు అవి మజల్లాకు దగ్గరగా ఉన్నాయి.

ఇక యంత్రం సంగతి. వడ్డించే యంత్రం ఈ శతాబ్దపు ఆలోచన అని చాలామంది అనుకొంటారు. క్రీ.శ. 1206లో, నేటి టర్కీలోని దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న ఇంజనీరు అల్ జజరీ తన యంత్రశాస్త్ర గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో తలుపు తెరచుకొని గ్లాసుతో ముందుకు వచ్చే పరిచారిక బొమ్మ ఉంది. ఆ రాజసభలోని పానగోష్ఠిని షరీఅతు దృష్ట్యా ఎవరూ సమర్థించరు. అయితే అదే గ్రంథంలో వుజూ నీళ్లు పోసే బొమ్మ యంత్రం కూడా ఉంది. సేవకుడో దాసియో తన చేతులపై నీళ్లు పోయడం రాజుకు ఇష్టం లేనందున దానిని తయారు చేయమన్నాడని జజరీ స్వయంగా రాశారు. దైవప్రవక్త (స) వుజూ చేస్తూండగా హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) నీళ్లు పోసిన ఉదంతం బుఖారీలో ఉంది కనుక మనిషి పోయడం తప్పు కాదు. రాజుది ధార్మికమైన సంకోచమో, మనిషి సామీప్యం మీద అయిష్టమో చెప్పడం కష్టం. ఏదైనా జజరీ బొమ్మ పని లేకుండా చేసినవారు కొలువులో పోషణ ఉన్నవారే. నీళ్లు పోయనందుకు వారి అన్నం పోలేదు.

ఆ తర్వాతి యంత్రాలు అట్టివి కావు. 1895లో బెర్లిన్‌లో నాణెం వేస్తే తినుబండారమిచ్చే ఆటోమాట్ భోజనశాల వెలిసింది. ఆ జర్మన్ పరికరాలనే తెప్పించి, జోసెఫ్ హార్న్, ఫ్రాంక్ హార్డార్ట్ 1902 జూన్ 9న ఫిలడెల్ఫియాలో, 1912లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో దుకాణాలు తెరిచారు. గోడనిండా గాజు అరలు, ఒక్కొక్క అరలో ఒక పళ్లెం. నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరచుకొంటుంది. టిప్పు ఇవ్వనక్కరలేదన్నది దాని పెద్ద ఆకర్షణ. పేదవాడు కూడా ఎవరి చూపులకూ జంకకుండా అయిదు సెంట్లకు కాఫీ తాగేవాడు. ఆ మేలును కాదనలేము. కాని గాజు అరల వెనుక మనుషులు నిలబడి ఖాళీ అయిన ప్రతి అరనూ నింపుతూనే ఉన్నారు. నోట్లను చిల్లర నాణేలుగా మార్చి విసిరే స్త్రీలు ముందు గదిలో ఉన్నారు. వడ్డించే మనిషి పోలేదు, గోడ వెనక్కి పోయాడు. హదీసు చెప్పిన వేడి, పొగ అక్కడే ఉన్నాయి; చేతిలో ముద్ద పెట్టడానికి ముఖమే కనబడలేదు. ఆ ఆటోమాట్లలో చివరిది 1991లో మూతబడింది.

జపాన్ అనుభవం వేరు. 1958లో యోషియాకి షిరాయిషి ఒసాకా సమీపంలో తిరిగే పట్టామీద సుషీ పళ్లాలు నడిపించారు. ఆ దేశంలో టిప్పు ఆచారం లేదు, కూలి వంటకం వెలలోనే ఉంది. అందుచేత పట్టా వచ్చినందువల్ల ఎవరి బక్షీసూ పోలేదు.

నేడు ఫోను తెరమీద ఆర్డరు, తెరమీదే చెల్లింపు, గుమ్మంలో పొట్లం. టిప్పు గడి కూడా తెరమీదే. 2019 వరకు డోర్‌డాష్ అనే అమెరికన్ సంస్థ, గిరాకీదారులు ఇచ్చిన టిప్పును డెలివరీ పనివారికి తాను హామీ ఇచ్చిన మొత్తం పూరించడానికి వాడుకొంది. టిప్పు పెరిగితే సంస్థ వాటా తగ్గేది. దీనిపై న్యూయార్క్ రాష్ట్రంతో 2025 ఫిబ్రవరిలో 1 కోటి 67 లక్షల 50 వేల డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది. అంతకుముందు 2021లో డెలివరీ డ్రైవర్ల టిప్పులు నిలుపుకొన్న వ్యవహారంలో అమెజాన్ 6 కోట్ల 17 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. జానిసరీలు బక్షీసును జీతంగా మార్చమన్నారు. ఈ సంస్థలు జీతాన్ని బక్షీసుతో చెల్లించాయి.

భారతదేశంలో వివాదం మరో రూపంలో వచ్చింది. బిల్లులో తనంతట తానే చేరే సర్వీసు చార్జీ వద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటలు సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. గిరాకీదారుకు ఊరట కలిగింది, మంచిదే. కాని వడ్డించేవాని కూలి ఎంత ఉండాలన్నది ఆ వివాదంలో విచారణాంశమే కాదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ల లెక్కను నోటితోనే కౌంటరుకు వినిపించిన పాత బేరర్ల తరం గడిచిపోతోంది. చెల్లింపు ఫోనులోకి వెళ్లిన తర్వాత పళ్లెంలో చిల్లర మిగలడమే తగ్గింది. ఎవరూ వద్దనకుండానే బక్షీసు పోతోంది. దాని వెనుక అసలు జీతం ఎంత ఉన్నదో అప్పుడుగాని బయటపడదు.

మజల్లా టర్కీలో 1926లో రద్దయింది, సిరియాలో 1949లో. కువైట్‌లో మాత్రం 1980లో కొత్త సివిల్ స్మృతి వచ్చేదాకా అమలులో ఉండేది. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి ఇంటి పనికీ, హోటలు పనికీ వేలాదిగా వెళుతున్నది ఆ కువైట్‌కే. వారిలో చాలామంది సంతకం చేసే కాగితంలో జీతం గడి ఒకటి ఉంటుంది. టిప్పులను ఆ గడిలో కలిపి రాశారా, విడిగా ఉంచారా అన్నది విమానం ఎక్కకముందే చదివించుకోవలసిన సంగతి.